నీరు చొరని పెట్టె

కెమెరా అంటే ఒక చీకటి పెట్టె. దానికి ఒకే ఒక ద్వారం ఉంటుంది; ఆ ద్వారం వద్ద కటకం ఉంటుంది. కటకం గుండా తప్ప మరే మార్గాన కాంతి లోపలికి ప్రవేశించరాదు. పెట్టె అతుకులలో గాని, ముడతలు పడే తోలుసంచిలో గాని సూదిమొనంత రంధ్రం ఉన్నా, ఎంత శ్రమపడి తీసిన బొమ్మ అయినా చారలు పడి చెడిపోతుంది.

సికింద్రాబాదు పట్టణానికి ఈ చీకటి పెట్టెతో చిరకాల పరిచయం ఉన్నది. 1844లో మీరట్ సమీపాన సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివిన లాలా దీనదయాళ్ గారు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకులై, 1880ల నాటికి ఇక్కడ తమ స్టూడియోను నెలకొల్పారు. 1905లో వారు మరణించేనాటికి గాజుపలకల మీద తీసిన బొమ్మలు వేల సంఖ్యలో పోగుపడ్డాయి. వాటిలో కొంత భాగం నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నూరేళ్ళు దాటినా ఆ బొమ్మలు స్వచ్ఛంగా కనబడుతున్నాయంటే, వాటిని తీసిన పెట్టెలు కాంతిని కట్టుదిట్టంగా అడ్డగించాయన్న మాట.

పాత కెమెరాల తోలుసంచిలో రంధ్రాలు వెతకడానికి ఒక తేలికైన ఉపాయం ఉన్నది. చీకటి గదిలో సంచి లోపల చిన్న దీపం ఉంచి బయటి నుంచి చూడాలి. రంధ్రం ఉన్న చోట కాంతి చుక్క మెరుస్తుంది. కంటికి కనబడని రంధ్రాన్ని కాంతి తానే వెతికి చూపుతుంది. ఈ ఉపాయంలోని సూత్రాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో ముందు పని ఉన్నది.

దీనదయాళ్ గారి జీవితకాలంలోనే, కొందరు సాహసికులు కెమెరాను నీటి అడుగుకు తీసుకుపోవాలని పూనుకొన్నారు. అక్కడ కాంతికి తోడు రెండవ శత్రువు ఎదురయింది. అది నీరు. నీరు చొరని పెట్టెను చేయడం ఒక ఎత్తు. అది నిజంగా నీరు చొరనిదేనని దిగకముందే తెలుసుకోవడం మరొక ఎత్తు. ఈ రెండవ విద్య ఎట్లా పెరిగిందన్నదే ఈ వ్యాస విషయం.

నీటి బరువు

హైదరాబాదు, సికింద్రాబాదు నగరాల నడుమ ఉన్న హుస్సేన్ సాగరాన్ని 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ నిర్మించారు. దాని గరిష్ఠమైన లోతు సుమారు 32 అడుగులు, అంటే 10 మీటర్లకు కొంచెం తక్కువ. 10 మీటర్ల ఎత్తు గల నీటి స్తంభం ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 1 కిలోగ్రాము బరువు మోపుతుంది. ఇది భూమి మీద గాలి మోపే ఒత్తిడికి దాదాపు సమానం. కనుక సాగరం అడుగున ఉన్న వస్తువు మీద గాలి ఒత్తిడి, నీటి ఒత్తిడి కలిసి, గట్టు మీద ఉన్నదానికి దాదాపు రెట్టింపు ఒత్తిడి పడుతుంది.

1990 మార్చి 10వ తేదీన పడవ మీద తరలిస్తుండగా బుద్ధుని ఏకశిలా విగ్రహం ఈ సాగరంలో మునిగిపోయింది. 1992లో దానిని పైకి తీసి నిలబెట్టారు. రెండేళ్ళకు పైగా ఆ ఒత్తిడి కింద ఉన్నా విగ్రహానికి దాని వలన ఏ హానీ కలుగలేదు. రాతిలో బోలు లేదు గదా! బయటి ఒత్తిడికి లోపలి రాయి అంతే బలంతో ఎదురు నిలుస్తుంది. కెమెరా పెట్టె స్థితి అది కాదు. దాని లోపల ఉన్నది గట్టు మీద నింపిన గాలి. బయట రెండింతల ఒత్తిడి, లోపల ఒక వంతే. ఈ వ్యత్యాసమే నీటిని ప్రతి అతుకులోనుంచి, ప్రతి మర బిగింపులోనుంచి లోపలికి నెట్టుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం గల గాజు కిటికీని తీసుకుంటే, 10 మీటర్ల లోతులో దాని మీద పడే అదనపు భారం 78 కిలోగ్రాములు. 30 మీటర్లలో 235 కిలోగ్రాములు. ఒక పెద్దమనిషి ఆ చిన్న గాజు మీద ఎక్కి నిలబడినట్లు మొదటిది; ముగ్గురు నలుగురు ఎక్కినట్లు రెండవది.

మొదటి బొమ్మ, మొదటి కారడం

నీటి అడుగున మొట్టమొదటి ఫొటో తీసినవాడుగా విలియం థాంప్సన్ అనే ఆంగ్లేయుని పేరు చెబుతారు. ఆయన వృత్తిచేత న్యాయవాది. ప్రకృతి పరిశీలన ఆయన వ్యసనం. వంతెనల స్తంభాలకు నీటి కింద కలిగిన నష్టాన్ని మనిషి దిగకుండానే చూడగలిగితే ఎంత బాగుంటుందన్న ఆలోచన ఆయనను ఈ ప్రయత్నానికి పురికొల్పింది. ముందుభాగాన మందపు గాజుపలక బిగించిన ఒక చెక్కపెట్టెలో కెమెరాను పెట్టి, 1856 ఫిబ్రవరిలో ఇంగ్లండు దక్షిణ తీరాన వేమత్ అఖాతంలో పడవ మీద నుంచి 18 అడుగుల లోతుకు దించాడు. పైనుంచి తాడు లాగి కటకం ముందున్న మూతను తెరిచి, సుమారు 10 నిమిషాలు అట్లాగే ఉంచాడు.

పెట్టె పైకి వచ్చింది. తెరిచి చూస్తే కెమెరా నిండా సముద్రపు నీరు! చిత్రమేమంటే, గాజుపలక మీద రాళ్ళూ, నాచూ మసకగానైనా పడ్డాయి. ఉప్పునీరు తగిలినా బొమ్మ బ్రతికింది. అది కేవలం అదృష్టం. ఆ అదృష్టం లేకపోతే జలాంతర ఛాయాగ్రహణ చరిత్రలో మొదటి పుట ఖాళీగా ఉండేది.

పెట్టె ఎందుకు కారింది? లెక్క వేసి చూడవచ్చు. 18 అడుగుల లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీద అరకిలోకు పైగా భారం పడుతుంది. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు గల పలక మీద అది సుమారు 500 కిలోగ్రాములు అవుతుంది. వడ్రంగి ఎంత నేర్పరి అయినా, ఆ బరువు మీద పడినప్పుడు చెక్క వంగక మానదు. చెక్క వంగితే అతుకు విచ్చుకుంటుంది. గట్టు మీద ఆ పెట్టెను ఎన్నిసార్లు తడిమి చూసినా ఈ లోపం బయటపడదు. భారం లేని చోట బిగుతుగా కనబడే అతుకు భారం కింద నోరు తెరుస్తుంది. పరీక్ష అనేది పనిలో ఎదురయ్యే పరిస్థితిని పోలి ఉండాలన్న పాఠం ఇక్కడే మొదలయింది.

బూతాన్ సంచి

1893లో ఫ్రాన్సు దేశపు దక్షిణ తీరాన బన్యూల్స్-సుర్-మెర్ లోని అరాగో ప్రయోగశాలలో లూయీ బూతాన్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఈ సమస్యను వేరొక విధంగా ఎదుర్కొన్నాడు. ఆయన లోహపు శిరస్త్రాణం ధరించి స్వయంగా సముద్రంలో దిగేవాడు. కెమెరా పెట్టెకు ఇంజనీరయిన ఆయన సోదరుడు ఆగస్ట్ రూపకల్పన చేశాడు.

ఒత్తిడి వ్యత్యాసమే శత్రువు అయినప్పుడు, ఆ వ్యత్యాసాన్నే తీసివేస్తే? ఈ ఆలోచనతో బూతాన్ పెట్టెకు గాలి నింపిన ఒక రబ్బరు సంచిని గొట్టంతో కలిపాడు. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడికి సంచి నలుగుతుంది. అందులోని గాలి పెట్టెలోకి చేరి, లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడికి సమానం చేస్తుంది. ఉన్నత పాఠశాలలో నేర్చే బాయిల్ సూత్రం ఇక్కడ పనికి వచ్చింది. ఉదాహరణకు, పెట్టెలో 3 లీటర్లు, సంచిలో 3 లీటర్లు గాలి ఉన్నదనుకొందాం. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెండింతలు కాగా, మొత్తం 6 లీటర్ల గాలి 3 లీటర్లకు కుంచించుకుపోతుంది. అంటే సంచి పూర్తిగా చదునై, గాలి అంతా పెట్టెలోనే ఉంటుంది. లోపలా బయటా ఒత్తిడి సమానం కనుక నీటికి లోపలికి రావలసిన తొందర ఉండదు. కాని ఇంకా లోతుకు పోతే సంచిలో ఇవ్వడానికి గాలి మిగలదు. వ్యత్యాసం మళ్ళీ మొదలవుతుంది. ఇంకా లోతుకు పోవాలంటే సంచి ఇంకా పెద్దది కావాలి.

మరొకసారి బూతాన్ ఇంకా విచిత్రమైన మార్గం తొక్కాడు. నీటిని అడ్డగించడం మానివేసి, పెట్టెలోకి దానిని రానిచ్చి, గాజుపలకలను నీటిలోనే తడవనిచ్చాడు. ఆ ప్రయత్నం సఫలం కాలేదు. చివరకు గట్టి పెట్టెలతోనే, విద్యుద్దీపాల వెలుగులో 1899లో 50 మీటర్ల లోతున కూడా బొమ్మలు తీయగలిగాడు. 1900లో తన అనుభవాలన్నిటినీ గ్రంథంగా ప్రకటించాడు.

ఖాళీ గోళం చెప్పిన సత్యం

1930లలో విలియం బీబ్ అనే అమెరికను ప్రకృతి శాస్త్రజ్ఞుడు, ఓటిస్ బార్టన్ అనే ఇంజనీరు కలిసి బెర్ముడా దీవుల వద్ద ఒక ఉక్కు గోళంలో కూర్చుని సముద్రగర్భంలోకి దిగేవారు. గోళం వ్యాసం అయిదడుగులకు కొంచెం తక్కువ.  కిటికీలకు కరిగించి పోసిన క్వార్ట్జ్ పలకలు బిగించారు.

1932లో ఒక కిటికీకి కొత్త పలక అమర్చిన తరువాత, మనుష్యులెవరూ లేకుండా గోళాన్ని సుమారు 3,000 అడుగుల లోతుకు దించి పైకి లాగారు. అది పడవ మీదికి వచ్చేసరికి దాదాపు నిండా నీరు ఉన్నది. ఆ నీరు మామూలుగా నిలిచిన నీరు కాదు. లోతులో 90 వాతావరణ పీడనాల ఒత్తిడితో లోపలికి చొరబడి, పైకి వచ్చిన తరువాత కూడా ఆ ఒత్తిడిని తనలో దాచుకొన్న నీరు. తలుపు నడిమి మరను జాగ్రత్తగా విప్పుతుండగా, అది ఫిరంగి గుండు వలె ఎగిరి పడవ అవతలి వైపున ఉన్న ఇనుప సామాగ్రిని కొట్టింది. దాని వెనుక నీటిధార దూసుకువచ్చింది. మర ఎగిరే దారిలో ఎవరూ నిలబడి ఉండలేదు కనుక ప్రాణాపాయం తప్పింది.

ఆనాడు బీబ్, బార్టన్ ఆ గోళంలో కూర్చుని ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. లోపం సరిదిద్దుకొని, 1934 ఆగస్టు 15న వారు అదే గోళంలో 3,028 అడుగుల లోతుకు క్షేమంగా దిగివచ్చారు. "మొదట ఖాళీగా దించు, తరువాత విలువైనదానిని పెట్టు" అనే నియమానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు. కెమెరా కవచం కొత్తగా కొన్నవారు కూడా మొదటిసారి దానిలో కెమెరా పెట్టరు. పొడి కాగితం ముక్కలు, మునగడానికి ఒక బరువు పెట్టి దించుతారు. పైకి తెచ్చిన తరువాత కాగితాన్ని చూస్తారు. చుక్క నీరు కంటికి కనబడకపోయినా కాగితం మీద మరక దాగదు. ఆ మరక ఏ మూల ఉన్నదో చూసి, లోపం ఏ వైపున ఉన్నదో ఊహించవచ్చు.

అబద్ధం చెప్పిన పరీక్ష

పరీక్ష చేసినంత మాత్రాన సత్యం తెలిసినట్లు కాదు. దీనికి 1939 జూన్ 1వ తేదీన జరిగిన ఘోరమే సాక్ష్యం. ఆనాడు బ్రిటిష్ నౌకాదళానికి చెందిన థెటిస్ అనే కొత్త జలాంతర్గామి లివర్‌పూల్ అఖాతంలో పరీక్షగా మునగడానికి బయలుదేరింది. నౌకలో 103 మంది ఉన్నారు. టార్పెడో గొట్టాలకు ముందు ఒక మూత, వెనుక ఒక తలుపు ఉంటాయి. ముందు మూత తెరిచి ఉండగా వెనుక తలుపు తెరిస్తే సముద్రమే లోపలికి వస్తుంది. గొట్టంలో నీరు ఉన్నదా లేదా తెలుసుకోవడానికి వెనుక తలుపుకు ఒక చిన్న కుళాయి అమర్చి ఉన్నది. దానిని తిప్పితే సన్నని రంధ్రం గుండా నీరు కారాలి. నీరు రాకపోతే గొట్టం ఖాళీ అని అర్థం.

అధికారి ఒకరు కుళాయి తిప్పి చూశారు. నీరు రాలేదు. తలుపు తెరిచారు. సముద్రం లోపలికి విరుచుకుపడింది. నలుగురు మాత్రం బయటపడ్డారు. 99 మంది మరణించారు. విచారణలో తేలినదేమంటే, తలుపుకు రంగు వేసినప్పుడు ఆ సన్నని రంధ్రంలో రంగు గడ్డకట్టి మూసుకుపోయింది. గొట్టం నిండా నీరు ఉన్నా, ఒక్క చుక్క కూడా బయటకు రాలేకపోయింది. రంధ్రాన్ని పొడిచి శుభ్రం చేయడానికి సన్నని కడ్డీ కూడా ఏర్పాటు చేసి ఉన్నది. ఆనాడు దానిని వాడలేదు.

"నీరు రాలేదు" అనే ఫలితానికి రెండు అర్థాలున్నాయి. గొట్టంలో నీరు లేకపోవచ్చు. లేదా పరీక్షించే కుళాయే మూసుకుపోయి ఉండవచ్చు. ఈ రెండింటినీ వేరు చేయలేని పరీక్ష పరీక్ష కాదు. విజ్ఞానశాస్త్రంలో పరికరాన్ని వాడేముందు పరికరాన్నే పరీక్షించాలని ఉపాధ్యాయులు చెప్పే మాటకు ఇంత బరువు ఉన్నది.

రబ్బరు ఉంగరం

కెమెరా కవచాల చరిత్రను మలుపు తిప్పిన వస్తువు చూడడానికి చాలా అల్పమైనది. అది గుండ్రని అడ్డుకోత గల ఒక రబ్బరు ఉంగరం. దీనిని ఓ-రింగ్ అంటారు. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ 1937లో దీనికి పేటెంటు కోరి, 1939లో పొందాడు. అప్పటికి ఆయన వయస్సు 70 దాటింది. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాల ద్రవయంత్రాలలో ఇది విరివిగా వాడబడింది. యుద్ధానంతరం నీటిలోకి దిగే కెమెరాలకూ చేరింది. 1960లో జాన్ ద వూటర్స్ రూపొందించిన కాలిప్సో అనే కెమెరాకు వేరే కవచమే అక్కరలేకపోయింది. దాని దేహమే నీరు చొరనిది. 1963 నుంచి అదే నికొనోస్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది.

ఉంగరం పనిచేసే తీరు ఆలోచించదగినది. దానిని ఒక గాడిలో ఉంచి మూత బిగిస్తే అది కొంచెం నలుగుతుంది. బయటి నీరు ఒత్తినప్పుడు ఉంగరం గాడిలో ఆవలి గోడ వైపుకు నెట్టబడి, సందును మరింత గట్టిగా మూస్తుంది. శత్రువు బలాన్నే తన బలంగా మార్చుకొంటుందన్న మాట. అందువలన మంచి ఉంగరం లోతుకు పోయేకొద్దీ బిగుసుకుంటుంది. ఇందులోనే ఒక చిక్కు కూడా ఉన్నది. నీటి ఒత్తిడి తక్కువగా ఉండే మొదటి ఒకటి రెండు మీటర్లలో ఉంగరానికి ఆ సహాయం అందదు. అక్కడే చాలా పెట్టెలు కారుతాయి. లోతులేని నీరే గదా అని ఏమరరాదు.

తలవెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతు కంటె తక్కువ. ఒక వెంట్రుక ఉంగరానికి అడ్డంగా పడితే, రబ్బరు దాని మీదుగా వంగినప్పటికీ, వెంట్రుకకు ఇరుపక్కలా సన్నని సొరంగాలు మిగులుతాయి. ఇసుక రేణువు, దూది పోగు, ఎండిన ఉప్పు పలుకు కూడా అంతే. ఉంగరానికి కందెన పూయడం సందులు పూడ్చడానికి అని కొందరు భావిస్తారు. అది సరికాదు. రబ్బరు మెలిపడకుండా గాడిలో సులువుగా జారడానికే కందెన. ఎక్కువ పూస్తే దానికి దుమ్ము అంటుకొని మేలుకు బదులు కీడు జరుగుతుంది.

పంక్చరు దుకాణంలోని విజ్ఞానం

సికింద్రాబాదు వీధులలో సైకిలు పంక్చరు వేసేవానికి ఈ విద్య ఎప్పటినుంచో తెలుసు. ట్యూబులో గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తాడు. చీకటి గదిలో దీపం చేసిన పనిని ఇక్కడ గాలి చేస్తున్నది. కంటికి కనబడని రంధ్రాన్ని గాలి వెతికి చూపుతున్నది.

గాలి ఇంత చురుకైన వేగు కావడానికి కారణం దాని పలుచదనం. ద్రవాలకు, వాయువులకు ప్రవాహాన్ని అడ్డగించే స్నిగ్ధత అనే గుణం ఉన్నది. నీటి స్నిగ్ధత గాలి స్నిగ్ధత కంటె సుమారు 50 రెట్లు ఎక్కువ. ఒకే సన్నని సందు గుండా, ఒకే ఒత్తిడి వ్యత్యాసంతో, నీటి కంటె గాలి పరిమాణంలో అన్ని రెట్లు త్వరగా పోగలదు. అంతేగాక సందు వ్యాసార్థం రెండింతలైతే ప్రవాహం 16 రెట్లవుతుంది. కనుక గంటసేపటికి ఒక చుక్క నీరు మాత్రమే రానిచ్చే సందును కూడా గాలి కొద్ది నిమిషాలలో పట్టి ఇవ్వగలదు.

అయితే పంక్చరు పద్ధతిలో గాలి లోపలి నుంచి బయటకు తోస్తుంది. నీటిలోని కవచం మీద ఒత్తిడి బయటి నుంచి లోపలికి పడుతుంది. లోపల గాలి ఎక్కువైతే మూత పైకి లేచి, మంచి ఉంగరం కూడా కారినట్లు కనబడవచ్చు. అందువలన కవచాలకు దీనికి తిరుగుడు పద్ధతి మేలైనది. చిన్న చేతి పంపుతో లోపలి గాలిని కొంత బయటికి లాగివేస్తారు. అప్పుడు బయటి గాలి మూతను లోపలికి ఒత్తుతుంది, నీరు ఒత్తినట్లే. 200 మిల్లీబార్ల మేర గాలి తీసివేస్తే, కవచం 2 మీటర్ల లోతులో ఉన్నదానితో సమానం. లోతులేని నీటిలోనే ప్రమాదం ఎక్కువ గనుక ఈ పరీక్ష సరిగ్గా అవసరమైన చోటనే పరీక్షిస్తుంది. తరువాత పీడనమాపకం ముల్లును అర్ధగంట గమనించాలి. నేటి కొన్ని కవచాలలో లోపలే చిన్న ఎలక్ట్రానిక్ మాపకం ఉండి, అంతా సవ్యంగా ఉంటే పచ్చదీపం, గాలి చొరబడుతుంటే ఎర్రదీపం చూపుతుంది. 3 లీటర్ల కవచంలో పీడనం 10 మిల్లీబార్లు పెరిగిందంటే సుమారు 30 ఘన సెంటీమీటర్ల గాలి లోపలికి దూరిందన్న మాట.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా జలాంతర్గాములు కూడా మునిగే సమయంలో ఇట్టి పరీక్షే చేసేవి. తలుపులన్నీ మూసి, లోపలికి కొంత గాలి వదిలి, భారమితిని గమనించేవారు. ముల్లు కదలకుండా నిలిస్తేనే నౌక బిగుతుగా ఉన్నదని నమ్మేవారు. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సుర జలాంతర్గామిని చూసిన విద్యార్థులకు దానిలోని గుండ్రని తలుపులు గుర్తుండే ఉంటాయి. 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరి 2001 వరకు పనిచేసిన ఈ 91 మీటర్ల నౌక అన్నేళ్ళూ ప్రతి మునకలోనూ తన అతుకుల మీదనే ఆధారపడింది. కెమెరా కవచమైనా, జలాంతర్గామి అయినా సూత్రం ఒక్కటే.

సికింద్రాబాదులో మూసి విశాఖలో ముంచితే

గాలిని నమ్ముకొన్న పరీక్షకు గాలి గుణాలే చిక్కులు తెస్తాయి. వాటిలో మొదటిది ఉష్ణోగ్రత. 30 డిగ్రీల గదిలో కవచం నుంచి గాలి లాగి, లోపలి పీడనాన్ని 800 మిల్లీబార్ల వద్ద నిలిపారనుకొందాం. దానిని తీసుకుపోయి ఎండలో పెడితే 40 డిగ్రీలకు వేడెక్కుతుంది. రంధ్రం ఏదీ లేకపోయినా లోపలి పీడనం సుమారు 26 మిల్లీబార్లు పెరుగుతుంది. చూసేవారు కవచం కారుతున్నదని భ్రమపడతారు. ఇందుకు విరుద్ధంగా, వెచ్చని కవచం చల్లబడుతున్నప్పుడు నిజమైన కారడం కూడా దాగిపోవచ్చు. కనుక పరీక్ష మొదటినుంచి చివరివరకు కవచం ఒకే నీడలో, ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి.

రెండవది ఎత్తు. సికింద్రాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడి వాతావరణ పీడనం దాదాపు 950 మిల్లీబార్లు. విశాఖ తీరాన 1,013. ఇక్కడ మూసిన కవచాన్ని తెరవకుండా విశాఖకు తీసుకుపోతే, లోపలి గాలి బయటి గాలి కంటె 60 మిల్లీబార్లు తక్కువగా ఉంటుంది. నీటిని తాకకముందే అది 60 సెంటీమీటర్ల లోతున ఉన్నట్లే. కవచం నిజంగా బిగుతైనదైతే అక్కడ దాని మూత తెరవడం కొంచెం కష్టమవుతుంది. సులువుగా వచ్చిందంటే దారిలో గాలి ఎక్కడినుంచో దూరిందని అనుమానించాలి! విమానంలో సంగతి దీనికి తిరుగుడు. అక్కడ బయటి పీడనం తగ్గి, లోపలి గాలి మూతను బయటకు నెట్టుతుంది. అందుకే విమానంలో తీసుకుపోయేవారు ఉంగరాన్ని తీసి, కవచాన్ని గాలి ఆడేటట్లు ఉంచుతారు.

మూడవది తేమ. వానాకాలపు గాలిలో కవచాన్ని మూసి చల్లని నీటిలోకి దించితే గాజు లోపల మంచు పట్టినట్లు మసక కమ్ముతుంది. కొత్తవారు పెట్టె కారిందని కంగారుపడతారు. లెక్క చూస్తే ఆ భయం తీరుతుంది. 30 డిగ్రీల వద్ద, 80 శాతం తేమ గల 3 లీటర్ల గాలిని 24 డిగ్రీలకు చల్లార్చితే విడిపడే నీరు 10 మిల్లీగ్రాములకు లోపే. ఒక మామూలు చుక్క దీనికి అయిదారు రెట్లు బరువుంటుంది. గాజు అంతటా పల్చగా పరచుకొన్న మసక తేమ వలన వచ్చింది. ఒక మూల చేరి కదిలే చుక్క మాత్రం రంధ్రం గుండా వచ్చింది. పొడిగదిలో మూయడం, సిలికా జెల్ పొట్లం ఉంచడం మొదటిదానికి మందు. రెండవదానికి పైకి వచ్చివేయడమే మందు.

పరీక్ష చేసే రంధ్రం

గాలి లాగడానికి కవచానికి ఒక కవాటం కావాలి. అంటే, రంధ్రాలు లేవని తెలుసుకోవడం కోసం మరొక రంధ్రం చేశామన్న మాట. పంపు తీసిన తరువాత ఆ కవాటం మూత బిగించడం మరిస్తే, పరీక్షలో నెగ్గిన పెట్టె నీటిలో ఓడిపోతుంది. మాపకం గొట్టం మడతపడితే ముల్లు కదలకుండా నిలుస్తుంది. చూసేవారు పెట్టె బిగుతుగా ఉన్నదనుకొంటారు. థెటిస్ కుళాయి కథ ఇదే. దీనికి విరుగుడు సులభం. పరీక్ష ముగిసిన తరువాత కవాటాన్ని కావాలనే కొంచెం తెరిచి, ముల్లు కదులుతున్నదో లేదో చూడాలి. కదిలితేనే అంతకుముందు అది కదలకపోవడానికి అర్థం ఉన్నది. ఆపై మళ్ళీ గాలి లాగి, మళ్ళీ చూసి, మూత బిగించాలి.

పాఠశాలలో కూడా ఈ సూత్రాన్ని పంపు లేకుండానే చూపవచ్చు. మరమూత, రబ్బరు ఉంగరం గల రెండు గాజు సీసాలు తీసుకొని, ఒక సీసా ఉంగరం మీద అడ్డంగా తలవెంట్రుకను ఉంచి, రెండింటినీ సమానంగా బిగించాలి. ఉపాధ్యాయుని పర్యవేక్షణలో వాటిని 60 డిగ్రీలకు మించని వేడినీటిలో పూర్తిగా ముంచి పట్టాలి. మరిగే నీరు వాడరాదు, గాజు పగులుతుంది. లోపలి గాలి 30 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే పీడనం నూటికి పదివంతులు పెరుగుతుంది. ఇది సుమారు ఒక మీటరు నీటి ఒత్తిడికి సమానం. మూత అంచుకు పట్టుకొని ఉన్న బుడగలు మొదట కొన్ని లేచి ఆగిపోతాయి; వాటిని లెక్కలోకి తీసుకోరాదు. ఒకే చోటినుంచి వరుసగా, ఆగకుండా లేచే సన్నని బుడగల దారమే రంధ్రానికి గుర్తు. రెండు సీసాలనూ పక్కపక్కన చూస్తే వెంట్రుక చేసే పని కంటికి కనబడుతుంది. ఏ సీసాలోనూ బుడగలు రాకపోతే, అంతటితో సంతోషించక, ఒక మూతను కొంచెం వదులు చేసి మళ్ళీ ముంచి చూడాలి. అప్పుడు బుడగలు వస్తే పరీక్ష నమ్మదగినదని తేలుతుంది.

చరవాణుల మీద "ఐపీ 67" అని రాసి ఉండడం విద్యార్థులు చూసే ఉంటారు. ఒక మీటరు లోతు మంచినీటిలో 30 నిమిషాలు ఉంచినా హాని కలగదని దానిలోని 7వ అంకెకు అర్థం. కొత్త వస్తువుకు, నిలకడ నీటిలో చేసిన పరీక్ష అది. ఒకసారి కింద పడి అంచు వంగిన తరువాత ఆ అంకెకు పూర్వపు విలువ ఉండదు. ఏ పరీక్ష ఫలితమైనా పరీక్ష జరిగిన క్షణానికే చెందుతుంది. కవచాన్ని తెరిచి మూసిన ప్రతిసారీ అది కొత్త కవచమే.

థాంప్సన్ పెట్టె కారినా బొమ్మ దక్కింది. బీబ్ గోళం కారినా మనుష్యులు దక్కారు, ముందు ఖాళీగా దించారు కనుక. థెటిస్‌లో ఉన్నవారికి ఆ అవకాశం రాలేదు. ఈ ముగ్గురి పరికరాలలో దేనిలోనూ లోపం పెద్దది కాదు; ఒక అతుకు, ఒక కిటికీ అంచు, రంగుతో పూడిన ఒక సన్నని రంధ్రం. గట్టు మీద గడిపే అర్ధగంట ఓపిక ఇట్టి చిన్న లోపాలను పట్టుకొంటుంది. నీటిలోకి దిగిన తరువాత అవే లోపాలను నీరు పట్టుకొంటుంది.